మల్లేశ్వరంలో ఒక బ్రెడ్డు తరగతి: పిండిని గమనించడం నేర్పే రెండు రోజులు

బెంగళూరులో బేకింగ్ నేర్పేవారికి కొదవ లేదు గానీ, వారిలో ఎక్కువమంది కేకులకు, క్రీముతో చేసే అలంకరణలకే ప్రాధాన్యం ఇస్తారు. కేవలం బ్రెడ్డు కోసమే శని, ఆదివారాలు రెండింటినీ కేటాయించే తరగతి మల్లేశ్వరంలో ఒక ఇంటి మేడమీద జరుగుతోందని తెలుగు మిత్రులు చెప్పగా, ఇంట్లో బ్రెడ్డు చేయడం అలవాటు చేసుకోవాలన్న కోరికతో అందులో చేరాను. నేర్పే ఆవిడ అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. తెలుగులోను, కన్నడంలోను మార్చి మార్చి చెబుతారు. ఒక విడతకు ఆరుగురినే తీసుకుంటారు. రుసుము మనిషికి 3,500 రూపాయలు. మైదా, ఈస్టు, వెన్న అన్నీ అందులోనే వస్తాయి.

ఈ తరగతిలో నాకు అన్నిటికంటే నచ్చినది, ఆవిడ వంటకం రాసి ఇవ్వడంతో కాకుండా నిష్పత్తులతో మొదలుపెట్టడం. పిండి బరువును నూరుగా తీసుకుని మిగతావన్నీ దాని మీద లెక్క కట్టాలి: నీళ్లు 65, ఉప్పు 2, ఇన్‌స్టంట్ ఈస్టు 1. అంటే 500 గ్రాముల మైదాకు 325 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఈస్టు. నీళ్లను కూడా గ్లాసుతో కొలవకుండా తూకం వేయించడం మొదట చాదస్తంగా తోచినా, ఒకసారి ఈ పద్ధతి పట్టుబడితే ఎవరు ఏ వంటకం చెప్పినా ముద్ద గట్టిగా వస్తుందా, జారుగా వస్తుందా అన్నది కలపకముందే తెలిసిపోతుంది.

తరవాతి పాఠం పిసకడం. గోధుమలోని రెండు ప్రొటీన్లు నీటితో కలిసినప్పుడే గ్లూటెన్ ఏర్పడుతుంది, ఈస్టు విడిచే వాయువును పట్టి ఉంచేది ఆ సాగే వలయే. అందుకే ఆవిడ ముందుగా పిండిని, నీళ్లను మాత్రమే కలిపించి, అరగంట మూతపెట్టి ఉంచి, ఆ తరవాతే ఉప్పు, ఈస్టు చేర్పించారు. ఆ అరగంటలో పిండి తనంతట తానే మెత్తబడి, చేతులకు పని సగం తగ్గింది. ముద్ద సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి చిన్న ముక్కను వేళ్ల మధ్య సాగదీసి, చిరగకుండా, వెలుతురు కనిపించేంత పల్చని పొర వస్తుందేమో చూడాలి. ఈ పరీక్షను ఆరుగురి చేతా విడివిడిగా చేయించి, పొర ఎక్కడ చిరిగిందో, ఎందుకు చిరిగిందో ప్రతి ఒక్కరికీ ఓపికగా చూపించారు. ఆ స్పర్శ వీడియోలు చూస్తే అబ్బేది కాదు. రుసుములో సగం దీనికే చెల్లిందని నేను అనుకుంటాను.

పొంగు విషయంలో ఆవిడ చెప్పిన తీరు మరీ విలువైనది. చలిదేశాలవారు రాసిన వంటకాలలో గంటన్నర ఉంచమనో, రెండు గంటలు ఉంచమనో ఉంటుంది. ఆ లెక్క మన వంటింటికి సరిపోదు. బెంగళూరులోనే ఏప్రిల్ మధ్యాహ్నం గంటలో రెట్టింపయ్యే ముద్ద, డిసెంబరు ఉదయం రెండు గంటలు దాటినా కదలనట్టే ఉంటుంది. ఇడ్లీ పిండి చలికాలంలో ఆలస్యంగా పులుస్తుందని ఎరిగిన మన ఇళ్లలోని ఆడవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదని ఆవిడే గుర్తుచేశారు. అయితే వెడల్పాటి గిన్నెలో ఉన్న ముద్ద రెట్టింపయిందో లేదో కంటితో తేల్చడం కష్టం. అందుకు ఆవిడ చూపిన ఉపాయం ఇది: పిసకడం పూర్తికాగానే ఉసిరికాయంత ముక్కను తీసి, నిలువుగా ఉండే సన్నని గాజు గ్లాసులో అడుగుకంటా నొక్కి, దాని ఎత్తు దగ్గర ఒక రబ్బరు బ్యాండు, అంతకు రెట్టింపు ఎత్తులో మరొకటి పెట్టి, గ్లాసును గిన్నె పక్కనే ఉంచాలి. ముక్క రెండో బ్యాండును చేరినప్పుడు గిన్నెలోని ముద్ద కూడా సిద్ధమైనట్టే. మరీ ఎండగా ఉన్న రోజున చల్లటి నీళ్లతో కలపమని, వేడినీళ్లు మాత్రం ఎప్పుడూ వాడవద్దని, 60 డిగ్రీల వేడికి ఈస్టు చచ్చిపోతుందని కూడా చెప్పారు.

కాల్చడమంతా ఇళ్లలో ఉండే మామూలు ఓటీజీలోనే, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లోనే, చేయించారు. ఇది చాలా మంచి నిర్ణయం. చిన్న ఓవెన్‌లో పై కడ్డీ బ్రెడ్డుకు మరీ దగ్గరగా ఉంటుంది గనుక టిన్నును అట్టడుగు అరలో పెట్టాలి, పైభాగం ఎర్రబడగానే అల్యూమినియం రేకు కప్పాలి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉండడం వల్ల ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి బ్రెడ్డు లోపలి వేడి 93 నుంచి 95 డిగ్రీలకు చేరితే ఉడికినట్టే లెక్క. చల్లారనిదే కోయవద్దన్నారు. ఫ్రిజ్‌లో పెడితే బయటికంటే త్వరగా గట్టిపడుతుంది గనుక, మిగిలినదాన్ని ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో దాచమన్నారు.

ఇక లోపాలు. మాలో చాలామంది చేరింది పిల్లలకు మైదా తగ్గించాలని. బ్రెడ్డు బాగా పొంగడానికి పిండిలో కలిపే పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం వాడకాన్ని 2016లో మన దేశంలో నిషేధించినప్పటి నుంచి కొన్న బ్రెడ్డు మీద అనుమానం పోలేదని ఒక తల్లి అన్నారు. అటువంటివారికి కావలసింది గోధుమపిండి బ్రెడ్డు. దానికి ఆదివారం చివర్లో కొద్ది సమయమే మిగిలింది. చక్కీలో ఆడిన గోధుమపిండి మైదాకంటే చాలా ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది. అందులోని పొట్టు గ్లూటెన్ పోగులను తెంపుతుంది. అందుకే సగం మైదాతో మొదలుపెట్టి నెమ్మదిగా మార్చుకుంటూ పోవాలి. ఇదంతా నోటితో చెప్పారే తప్ప మా చేత చేయించలేదు. దానికి బదులు సవర్‌డో కోసం, అంటే కొన్న ఈస్టు లేకుండా పులిసిన పిండితోనే పొంగించే బ్రెడ్డు కోసం, గంటకు పైగా వెచ్చించారు. పులిసిన పిండిమూలం కొత్తగా తయారు కావడానికే వారం, పది రోజులు పడుతుంది. దాన్ని గంటలో చూపించడం వల్ల ఎవరికీ ఏమీ పట్టుబడదు. ఆ భాగాన్ని తీసివేసి గోధుమపిండికి ఇస్తే, ఈ తరగతికి నేను ఇంకే వంకా పెట్టను.

మొదటిసారి చేసేవారికి, ఇప్పటికే చేస్తూ ఫలితం నిలకడగా రానివారికి దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. సవర్‌డో కోసమే వెళ్లదలచినవారు వేరే చోటు చూసుకోవాలి. చివర్లో తూకం యంత్రం, టిన్ను, బ్రష్షు కలిపిన సంచి అమ్ముతారు. బలవంతమేమీ లేదు, కొనవలసిన అవసరమూ లేదు. ఇంట్లో తూకం ఉంటే చాలు. ఈస్టుకు మాత్రం ఒక చదును టీస్పూను దాదాపు 3 గ్రాములని గుర్తుంచుకుంటే సరిపోతుంది. ఓటీజీ మీటలోని అంకెకూ లోపలి వేడికీ తరచు తేడా ఉంటుంది గనుక, ఆ డబ్బుతో ఓవెన్‌లో పెట్టే థర్మామీటరు కొనుక్కోవడం మేలు.