అంబత్తూరులో నా నెక్సాన్‌కు ముందు టైర్లు వేసిన దుకాణం

ఆదివారం చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద డ్రాగ్ రేసు, అంటే ఆగి ఉన్న బండి తిన్నటి దారిలో 402 మీటర్లు ఎంత త్వరగా పోతుందో చూసే పోటీ. శుక్రవారం సాయంత్రం నా నెక్సాన్ ఈవీని (టాటా వారి బ్యాటరీ కారు) అంబత్తూరు పారిశ్రామికవాడలోని ఒక టైర్ల దుకాణానికి తీసుకువెళ్ళాను. అంతకుముందు వెళ్ళిన రెండు చోట్లా "సార్ రాలేదా మేడం?" అన్నారు. ఇక్కడి యజమానిది గూడూరు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బండిని ఎక్కడ పరిగెత్తిస్తారమ్మా?" నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

చెప్పగానే ఒంగి టైరు పక్క గోడ మీది నాలుగు అంకెలు చదివారు. 3823, అంటే 2023లో 38వ వారం తయారీ. వయసు పరవాలేదు, కానీ ముందు రెండింటికీ లోపలి అంచు అరిగిపోయింది. ఈ బండిని లాగేది ముందు చక్రాలే. పెడల్ తొక్కగానే మోటారు 215 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇస్తుంది, అదే క్షణంలో బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు తేలికవుతాయి. బ్యాటరీలో ఎంత శక్తి ఉన్నా, రోడ్డును పట్టుకోవలసింది ఆ రెండు టైర్లే. మెత్తటి రబ్బరువి, అదే 215/60 ఆర్16 కొలతవి వేయించుకున్నాను.

పని చేసిన తీరు నాకు ఎంతో నచ్చింది. బ్యాటరీ నేల కిందే ఉంటుంది కాబట్టి లిఫ్టు చేతులను దానికి తగలనివ్వకుండా, అంచుల్లో జాకీ పెట్టే చోట్లే రబ్బరు దిమ్మలు అమర్చారు. చక్రాల నట్లను చివర టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగించాలో కొలిచి చూపే పానాతో బిగించారు. బానెట్ కింద ఎక్కువ వోల్టేజీ పారే నారింజ రంగు తీగలున్న వైపు చేయి పెట్టబోయిన కుర్రాణ్ణి "అది కంపెనీ వాళ్ళ పని" అని ఆపారు.

అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను సరిచేయడం) మాత్రం సరిగా చేయలేదు. ఏడింటికి ఇస్తామన్న బండి తొమ్మిదిన్నరకు ఇచ్చారు. శనివారం పాడి వంతెన మీద తిన్నగా పోతుంటే స్టీరింగ్ ఎడమకు ఒరిగి ఉంది. తిరిగి వెళితే మారు మాట లేకుండా మళ్ళీ చేశారు, డబ్బు తీసుకోలేదు. కానీ కొలతల కాగితం మొదటిసారే ఇచ్చి ఉంటే నాకు సగం రోజు మిగిలేది.

గాలి గురించి ఆయన చెప్పింది రేసు రోజు అక్కరకు వచ్చింది. తలుపు దగ్గరి స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుది. దాదాపు 40 కిలోమీటర్లు నడిపి ట్రాక్ చేరేసరికి ముందు టైర్లలో గాలి ఒత్తిడి నాలుగు పాయింట్లు (పీఎస్‌ఐ) పెరిగింది. ఆ నాలుగే తీసేశాను. వెనక వాటి జోలికి పోలేదు. ఇంటికి వచ్చి చల్లారాక మళ్ళీ నింపాను. మా నాన్నగారు లారీ టైరును ఇనుప కడ్డీతో కొట్టి, చప్పుడును బట్టే గాలి చెప్పేవారు. 1990లో ఈ ట్రాక్ తెరిచినప్పుడు ఆయన ఈ దారినే బెంగళూరుకు సరుకు తోలేవారు. గేటు దాటుతుంటే ఆయనే గుర్తొచ్చారు.

ఛార్జు 80 శాతానికి పైనే ఉంచి, డిక్కీ ఖాళీ చేసి, స్పోర్ట్ మోడ్‌లో నాలుగుసార్లు పరిగెత్తించాను. మొదటిసారి ఒక్కసారిగా తొక్కితే చక్రాలు జారాయి, 402 మీటర్లకు 17.6 సెకన్లు పట్టింది. తర్వాత పెడల్ సగం తొక్కి, బండి కదిలాక పూర్తిగా నొక్కాను. మూడోసారి 16.9.

రెండు టైర్లు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కలిపి 21,400 రూపాయలు. టైర్లకు మళ్ళీ అక్కడికే వెళ్తాను. అలైన్‌మెంట్‌కు మాత్రం కాగితం చేతికి వచ్చి, తిన్నటి రోడ్డు మీద ఒకసారి నడిపి చూశాకే డబ్బు కడతాను.