పాత డబ్బాలో విండోస్, లినక్స్ రెండూ: గ్రబ్బా, విండోస్ మెనూనా, రెండు డిస్కులా?

మండపేట, రావులపాలెం వైపు మిల్లుల కాటా గదుల్లో ఇంకా కోర్ 2 డుయో డబ్బాలు (పాత కంప్యూటర్లు) నడుస్తూనే ఉన్నాయి. కాటా సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీలోనో విండోస్ 7లోనో తప్ప పనిచేయదు, తూకం అంకె సీరియల్ కేబుల్ మీద రావాలి, అందుకని కొత్తది కొనమంటే ఓనరు గారు వినరు. కానీ ఎక్స్‌పీకి 2014లో, 7కి 2020లో అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, దాంట్లో బ్యాంకు పని చేయాలంటే టెన్షనే. దానికోసం పక్కన లినక్స్ (ఇంకో ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామంటే, ఆన్ చేయగానే ఏది లేవాలన్న పేచీ.

ఎక్కువమంది పెట్టేది గ్రబ్, లినక్స్‌తో వచ్చే బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఏ ఓఎస్ లేవాలో చూసే చిన్న ప్రోగ్రామ్). ముందు విండోస్, తర్వాత లినక్స్ ఎక్కిస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది. విండోస్ మెనూలో కనపడకపోతే కంగారు పడకండి, గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని ఆపేసి ఇస్తున్నారు, సెట్టింగ్స్ ఫైల్లో దాన్ని ఆన్ చేసి అప్‌డేట్-గ్రబ్ కొడితే వస్తుంది. డిఫాల్ట్‌గా విండోస్‌నే పెట్టండి, అదీ నంబరుతో కాదు, మెనూలో ఉన్న పేరుతో, ఎందుకంటే మెనూ వరస మారితే నంబరు ఇంకోదాని మీదకి పోతుంది. దాళ్వా కోతల్లో ట్రాక్టర్లు బారు తీరి ఉన్నప్పుడు కరెంటు పోయి వస్తే, ఎవరూ ఏ మీటా నొక్కకుండానే కాటా సాఫ్ట్‌వేర్ ఉన్న ఓఎస్ లేవాలి.

గ్రబ్‌తో అసలు చిక్కు వేరే ఉంది. డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు, అందులో కోడుకి దొరికేది 446. అందుకే గ్రబ్ అక్కడ కొంచెం, మొదటి పార్టిషన్‌కి ముందున్న ఖాళీలో కొంచెం ఉంటుంది, మిగతా ఫైళ్లన్నీ లినక్స్ పార్టిషన్లో. కుర్రాడెవడో విండోస్‌లోంచి చూసి "ఇది ఖాళీగా ఉంది" అని ఆ పార్టిషన్ లేపేశాడనుకోండి, మర్నాడు పొద్దున్నే ఫోను: "ఆయ్, నల్ల స్క్రీన్ మీద గ్రబ్ రెస్క్యూ అని వచ్చిందండి." విండోస్ కూడా లేవదు. విండోస్ 7 డీవీడీ పెట్టి బూట్‌రెక్‌తో ఎంబీఆర్ (అదే ఆ మొదటి సెక్టారు) మళ్లీ రాయాలి, ఆ డీవీడీ ఎవరి దగ్గరుందో వెతకాలి.

విండోస్ మెనూలోనే లినక్స్‌ని చేర్చుకుంటే ఈ బాధ లేదు, లినక్స్ పోయినా విండోస్ లేస్తుంది. 7 అయితే ఈజీబీసీడీ అనే టూల్‌తో పని అవుతుంది. ఎక్స్‌పీది మాత్రం వేరే పద్ధతి, బూట్.ఐఎన్ఐ ఫైల్లో చేత్తో లైను రాయాలి, ఓపిక ఉన్నవాళ్లకే. రీఫైండ్, సిస్టమ్‌డీ-బూట్ అనే వేరే బూట్‌లోడర్లు అందంగానే ఉంటాయి గానీ యూఈఎఫ్ఐ (బయోస్ బదులు వచ్చిన కొత్త పద్ధతి) లేని ఈ బోర్డుల మీద వాటి ఊసే వద్దు.

నన్నడిగితే రెండు డిస్కులే మేలు. విండోస్ డిస్కు కేబుల్ పీకేసి రెండోదాంట్లో లినక్స్ ఎక్కించండి, దేని బూట్‌లోడర్ దానిది, ఎవరి జోలికి ఎవరూ రారు. విండోస్ డిస్కు ముందుంటుంది, లినక్స్ కావలసినవాళ్లు ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కుతారు (కొన్ని బోర్డుల్లో ఎఫ్8, ఎఫ్11). ఒక్క షరతు, బోర్డు మీది సీఆర్2032 సెల్ బాగుండాలి. అది చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా బయోస్ (బోర్డు సొంత) సెట్టింగులు మొదటికొస్తాయి, బూట్ వరస తిరగబడుతుంది, డిస్కుని నడిపే ఐడీఈ మోడ్ కాస్తా ఏహెచ్‌సీఐ అయితే ఎక్స్‌పీ నీలం స్క్రీన్‌తో ఆగిపోతుంది. ముందు సెల్ మార్చి తర్వాత మిగతా పని చూడండి. ల్యాప్‌టాప్ అయి రెండో డిస్కుకి చోటు లేకపోతే, విండోస్ 7కి ఈజీబీసీడీ, ఎక్స్‌పీకి గ్రబ్.

ఏ దారిలో వెళ్లినా గడియారం సంగతి మాత్రం మర్చిపోవద్దు. లినక్స్ బోర్డు గడియారాన్ని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైములో) ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. పొద్దున్న 10 గంటలకి తూచిన లారీకి కాటా చీటీ మీద 4:30 అని పడుతుంది, డ్రైవరు గొడవకి దిగుతాడు. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్‌తో లోకల్ ఆర్‌టీసీని (బోర్డు గడియారం మన టైములోనే ఉండాలనే సెట్టింగుని) 1 చేస్తే సరి.