పెద్ద అక్షరాల తెలుగు బైబిలు: ఆరు నెలల వాడకం తర్వాత

అమ్మ కోసం సంఘమంతా మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేసినా అమ్మ దక్కలేదు. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక్కొక్కరూ తీసుకునే వాక్యపు చీటీల్లో, నాకు వచ్చిన వాగ్దానపు కార్డులో స్వస్థతను గురించిన వాక్యమే ఉండటంతో, ఆ తర్వాత కొన్ని నెలలు నేను బైబిలు ముట్టలేదు. మళ్లీ చదవాలనిపించేసరికి పాత ప్రతిలోని అక్షరాలు కంటికి ఆనలేదు. అందుకే విజయవాడలోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో, యేసు మాటలను ఎర్రగా ముద్రించిన ఈ పెద్ద అక్షరాల ప్రతిని కొన్నాను.

ముద్రణ బాగుంది. ఒత్తులు కింది వరుసను తాకకుండా విడిగా కనిపిస్తాయి కనుక, పాత అనువాదంలోని పొడవాటి క్రియాపదాలను కూడా తడుముకోకుండా చదవవచ్చు. కుట్టు బైండింగు కావడం వల్ల ఎక్కడ తెరిచినా బల్ల మీద పరచుకొని ఉంటుంది. అయితే కాగితం పలుచన. వెనుక పుటలోని వరుసలు నీడలా కనిపిస్తాయి. జిప్పు రెండో నెలలోనే పళ్లు వదిలింది, గుర్తు కోసం పెట్టిన రిబ్బను ఊడి చేతికి వచ్చింది. బరువు కూడా ఎక్కువే, ఆదివారం సంచిలో మోయలేము.

నా అసలు ఫిర్యాదు చివరి పుటల్లోని పట్టిక మీద. "నిరాశలో చదవవలసినవి" అన్న శీర్షిక కింద యెషయా 41:10, కీర్తన 34:18 వంటి ఆదరణ వాక్యాలే ఉన్నాయి. కీర్తనల్లో సుమారు మూడో వంతు బాధలో దేవునికి పెట్టుకున్న మొరలే అయినా ఒక్క మొరకూ అక్కడ చోటు లేదు. 88వ కీర్తన నాకు పట్టికలో దొరకలేదు. ఒక రాత్రి పుటలు తిప్పుతుంటే ఎదురైంది. మొరలు చాలా వరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి, ఇది మాత్రం చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. అయినా ఆ కీర్తన రాసినవాడిగా పేరున్న హేమాను తన బాధనంతా మొదటి వచనంలో రక్షణకర్త అని పిలిచిన ఆ దేవునితోనే చెప్పుకుంటున్నాడు. జవాబు రాకపోయినా ఎదుట ఎవరో ఉన్నారన్న ఎరుకతో మాట్లాడిన మనిషి మాటలవి. ఆ రాత్రి చాలాకాలానికి నేనూ నోరు తెరిచి, అమ్మను ఎందుకు తీసుకెళ్లావని అడగగలిగాను. అది ప్రార్థనేనని నాకప్పుడు తోచలేదు.

ఎర్ర సిరా వల్ల కలిగే ప్రయోజనం మత్తయి 27వ అధ్యాయంలో తెలిసింది. తనను ఎందుకు విడిచిపెట్టావని 22వ కీర్తనలో దావీదు నల్లని అక్షరాల్లో వేసిన ప్రశ్నే, 46వ వచనంలో సిలువ మీది యేసు నోట ఎర్రగా కనిపిస్తుంది. కొండమీది ప్రసంగానికి వాడిన ఎరుపే దీనికీ వాడారు.

రిబ్బను లేదు కనుక ఆ వాగ్దానపు కార్డునే 88వ కీర్తన దగ్గర గుర్తుగా పెట్టుకున్నాను. కొనదలచినవారు జిప్పు లేని ప్రతి ఉందేమో అడిగి తీసుకోవడం మంచిది.