ఒడిలో పాప బొమ్మా, రోబో పిల్లి బొమ్మా?

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చాక మా అమ్మమ్మ సాయంత్రం అయ్యేసరికి "పిల్లాడు పాలకి ఏడుస్తుంటాడే, ఇంటికి పోవాలి" అంటూ వీధి గుమ్మం వైపు నడిచేది. ఆ పిల్లాడు మా మావయ్య. అరవై దాటి, డాలస్‌లో ఉంటున్నాడు. ఒడిలో ఏదైనా ఉంటే అమ్మమ్మ కుదుటపడుతుందని ఆయనే ఫోన్ చేసి "ఇక్కడ రోబో పిల్లి దొరుకుతోంది, పంపనా?" అన్నాడు. అమ్మేమో బజార్లో పసిపాప బొమ్మ కొందామంది.

రోబోల్లో పేరున్నది పారో. జపాన్‌లో తకనోరి షిబాటా 1993లో మొదలుపెట్టి తయారుచేసిన రోబో అది, సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా ఉంటుంది. బరువు దాదాపు 2.7 కిలోలు. నిమిరితే కళ్లార్పుతుంది, పిలిస్తే తల తిప్పుతుంది. ఛార్జర్ పాలపీక ఆకారంలో ఉంటుంది! అమెరికాలో 2009లో దానికి వైద్య పరికరంగా గుర్తింపు వచ్చింది. ధర 6,000 డాలర్ల దరిదాపు, మనకి ఐదు లక్షలకి ఏమాత్రం తగ్గదు. మావయ్య చెప్పిన పిల్లి ఆ కోవలోదే కానీ చవక, వంద డాలర్ల పైచిలుకు. బ్యాటరీలతో గుర్రుమంటుంది, మ్యావ్ అంటుంది.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని 28 వృద్ధాశ్రమాల్లో, డిమెన్షియా ఉన్న 415 మందితో ఒక పెద్ద పరిశీలన జరిగింది. ఫలితాలు 2017లో వచ్చాయి. కొందరికి పని చేసే పారోని, కొందరికి స్విచ్ ఆపేసిన అదే పారోని ఇచ్చారు. పని చేసేదానితో ఎక్కువ మాట్లాడారు, దాన్ని ఎక్కువసేపు చూశారు. కానీ చిరాకు, అలజడి తగ్గించడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇది చదివాక ఐదు లక్షల మీద నాకు మోజు పోయింది.

మనిషి మాట్లాడటం తగ్గించేసి ముడుచుకుపోతుంటే, ఎప్పుడో పిల్లిని పెంచుకున్న వాళ్లయితే, రోబో పిల్లి కొనొచ్చు. మా అమ్మమ్మ పిల్లి కనిపిస్తే చీపురు తీసే మనిషి! ఆవిడ వెతుకుతున్నది చంటిపిల్లాడిని. అందుకే పాప బొమ్మ వైపే మొగ్గాం.

కొనేటప్పుడు ఏడ్చే బొమ్మ వద్దు, ఆ ఏడుపు ఆపలేక వాళ్లకి టెన్షన్. ఎప్పుడూ కళ్లు మూసుకుని ఉండేదీ వద్దు, ప్రాణం లేదేమో అని హడలిపోవచ్చు. ఒడిలో కాస్త బరువు తెలిసే మెత్తని గుడ్డ బొమ్మ మంచిది. చేతిలో పెట్టెయ్యకుండా కుర్చీలో ఉంచాలి, తీసుకుంటే తీసుకుంటారు. వాళ్లు పాప అంటే మనమూ పాప అనాలి, బొమ్మ అంటే బొమ్మే. ఉతకడానికి లాక్కోకూడదు, నిద్రపోయాకే.

చిక్కులు లేకపోలేదు. అమ్మమ్మ తన పెరుగన్నం పాపకి పెట్టి తను పస్తుండేది. పాపకి వేరే గిన్నె పెట్టాక దారికొచ్చింది. బిడ్డని పోగొట్టుకున్న వాళ్లకి బొమ్మ పాత గాయం రేపొచ్చు, అలాంటి చోట ఈ ప్రయత్నమే వద్దు.

అసలు గొడవ చుట్టాలతో. "పెద్దావిడని చంటిపిల్లని చేశారా?" అన్నారు. తీసిపారేసే మాట కాదది. డిమెన్షియా ఉన్నవాళ్లని పిల్లల్లా చూడటం కూడా వాళ్ల మనిషితనాన్ని దెబ్బతీస్తుందని బ్రిటన్‌లో టామ్ కిట్‌వుడ్ అనే మనస్తత్వ నిపుణుడు 1990ల్లోనే రాశాడు. కానీ ఒడిలో పాప ఉంటే అమ్మమ్మ పిల్ల కాలేదు, తల్లి అయింది. ఆవిడ ముందు ముద్దుముద్దుగా మాట్లాడిన మేమే తప్పు చేశాం.

జబ్బు తొలిదశలో ఉంటే రెండూ అక్కర్లేదు. అటకమీది బొమ్మల కొలువు పెట్టె దింపి, ఏ బొమ్మ ఎక్కడ కొన్నారో అడగండి. కొండపల్లి అంబారీ ఏనుగు గురించి అమ్మమ్మ అరగంట చెప్పిన రోజులున్నాయి. ఒడిలోకి మాత్రం ఆ కొయ్యబొమ్మలు పనికిరావు.

మొన్న మావయ్య వీడియో కాల్‌లో ఎప్పటిలాగే గట్టిగా "అమ్మా!" అన్నాడు. అమ్మమ్మ వేలు పెదవి మీద పెట్టుకుని, "నెమ్మదిగా నాయనా, పిల్లాడు ఇప్పుడే పడుకున్నాడు" అంది.