వాకింగ్ ఫుట్ కొనొచ్చా? బొంతలు కుట్టేవాళ్లయితే కొనండి

ముందే చెప్పేస్తాను. వాకింగ్ ఫుట్ అంటే కుట్టుమిషన్‌లో సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే మామూలు ఫుట్ తీసేసి, దాని బదులు తగిలించుకునే ఇంకో రకం ఫుట్. జాకెట్లు, లంగాలు, దిండు గలేబులు కుట్టుకునేవాళ్లకు ఈ వస్తువుతో పనే లేదు. పాత చీరలు, గుడ్డ ముక్కలు పోగేసి మిషన్ మీద బొంతలు కుట్టే పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం కొనొచ్చు. నాకు ఆ పిచ్చి బాగానే ఉంది. నేను కొన్నదాని మీద కంపెనీ పేరంటూ ఏమీ లేదు. ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల లోపే వచ్చింది. అయిదు చుక్కలకు నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటీ ఎందుకు కోసేశానో చెప్తాను, కానీ అంతకుముందు ఇది అసలు ఏం చేస్తుందో చెప్పాలి. అమ్మేవాళ్ల ఫోటోల్లో చూస్తే ఎవరికీ అర్థం కాదు.

మామూలు ఫుట్ వేసి కుట్టేటప్పుడు గుడ్డను లాగేది మిషన్ పలకలోంచి లేచే పళ్లు మాత్రమే. అవి కింది గుడ్డను పట్టుకుని వెనక్కి తోస్తాయి. పై గుడ్డేమో ఫుట్‌కి రాసుకుంటూ కొంచెం వెనకబడుతుంది. రెండు పొరల జాకెట్టు గుడ్డలో ఆ తేడా కంటికి ఆనదు. అదే పైన ముక్కలు కలిపిన గుడ్డ, మధ్యలో పాత దుప్పటి, అడుగున చీర పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు అయిదడుగుల గీత కుట్టి చూడండి. అవతలి అంచుకు చేరేసరికి పై గుడ్డ అంగుళం పైనే మిగిలిపోయి ముందుకు వేలాడుతుంది. ఇక అడ్డం గీతలు కుట్టేటప్పుడు చూడాలి తమాషా. నిలువు గీతను దాటే ప్రతి చోటా ఓ బుల్లి మడత పడుతుంది, దాని మీదే కుట్టు ఎక్కి కూర్చుంటుంది. వెనక్కి తిప్పి చూస్తే చీరంతా ముడతలు. పిన్నులు దగ్గర దగ్గరగా పెట్టినా, కచ్చా కుట్టు వేసుకున్నా కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

వాకింగ్ ఫుట్ అడుగున కూడా పళ్లుంటాయి. దాని పక్కన పట్టకారులా ఒక చేయి ఉంటుంది, అది సూదిని బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది. సూది లేచినప్పుడల్లా ఆ చేయి కూడా లేస్తుంది. అప్పుడు పై పళ్లు గుడ్డను నొక్కిపట్టి, కింది పళ్లతో పాటే వెనక్కి నడుస్తాయి. సూది దిగేటప్పుడు వదిలేసి ముందుకొస్తాయి. అంటే పైపొర, కిందిపొర రెండూ ఒకే అడుగు వేస్తాయన్నమాట. పని ఇంతే. ఈ ఒక్క పనీ ఇది శుభ్రంగా చేస్తోంది.

చూడ్డానికి మాత్రం ఏమంత అందంగా ఉండదు. మామూలు ఫుట్ పక్కన పెడితే భారీగా, మొరటుగా కనబడుతుంది. తగిలించిన రోజు మా అత్తయ్య కళ్లజోడు సర్దుకుని మరీ చూసి, "ఇదేంటమ్మాయ్, మిషన్‌కి గుర్రపు డెక్క తొడిగావు?" అంది. నడుస్తుంటే శబ్దం కూడా డెక్కల చప్పుడే. పక్క గదిలో మా వారు టీవీ సౌండు పెంచుకోవాల్సిందే. మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరైనా కునుకు తీస్తుంటే దీని జోలికి పోకపోవడం మంచిది.

నాది ఉషా జనోమ్ వారి జిగ్‌జాగ్ మిషన్. దానికిది చక్కగా కుదిరింది, గంతకు తగ్గ బొంత. అందరి మిషన్లకూ కుదురుతుందని చెప్పలేను. కొనే ముందు ఒక కొలత చూసుకోండి. ఫుట్‌ని కిందికి దించి, దాన్ని పట్టుకున్న స్క్రూ నుంచి కింద పలక దాకా స్కేలుతో కొలవండి. ముప్పావు అంగుళం లోపుంటే అది లో షాంక్ రకం మిషన్. అంగుళం, ఆపైన ఉంటే హై షాంక్. బజార్లో తక్కువ ధరకు దొరికేవి ఎక్కువగా లో షాంక్‌వే. ఇంట్లో తాతల నాటి నల్ల మిషన్, కాలితో తొక్కేది ఉందా? దానికి కూడా స్క్రూ పట్టొచ్చు గానీ, దాని పలకలో పళ్ల వరుసలు సన్నగా దగ్గరగా ఉంటాయి. ఈ ఫుట్ పళ్లు వెడల్పు. పైవీ కిందివీ ఎదురెదురుగా రాకపోతే పెట్టిన డబ్బు దండగ. తిరిగి తీసుకుంటామని రాసిన చోటే కొనండి.

ఇప్పుడు కోసేసిన చుక్క సంగతి. డబ్బాలో వచ్చిన కాగితం మీద ఎలా తగిలించాలో తపాలా బిళ్లంత బొమ్మ వేశారు, అంతకు మించి ఒక్క ముక్క కూడా లేదు. మొదటిసారి కొన్నవాళ్లకు అది ఏ మూలకూ చాలదు. అందుకని నేనే చెప్తున్నా. పాత ఫుట్‌తో పాటు అది తగిలించుకునే కొక్కెం కూడా ఊడదీయాలి. ఆ చేయి స్క్రూ మీదికి రావాలి, కిందికి కాదు. ఫుట్ స్క్రూని చేత్తో తిప్పి వదిలేయొద్దు, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా బిగించాలి. దీని అదురుకి సూది స్క్రూ కూడా వదులవుతూ ఉంటుంది, బాబిన్ మార్చిన ప్రతిసారీ దాన్నీ ఓసారి చూసుకోవాలి. కరెంటు వేసే ముందు పక్కన చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పండి. సూది ఎక్కడా తగలకుండా దిగి లేస్తే ఇక తొక్కొచ్చు.

ఇంకో లోటుంది, అది ఈ రకం ఫుట్‌లలో చాలావాటికి ఉన్నదే. రివర్స్ కుట్టు దీనితో సరిగా రాదు. గీత మొదట్లో, చివర్లో వెనక్కి కుట్టి ముడివేసే అలవాటు మానుకోవాలి. నేను కుట్టు పొడవు బాగా తగ్గించి నాలుగైదు సన్న కుట్లు వేసి ఆపుతున్నా. పూలు, మెలికలు, గుండ్రాలు కుట్టే సరదా ఉన్నవాళ్లకు వేరే ఫుట్ కావాలి, ఇది తిన్నగా నడిచే రకం. మలుపులు మెల్లగా తిరుగుతుందనుకోండి. స్పీడుగా తొక్కితే మాత్రం కుట్లు వదిలేస్తుంది.

సరే, ఇప్పుడు అసలు ఆనందం దగ్గరికి వద్దాం.

నేను ఈ ఫుట్‌తో కుట్టిన పెద్ద బొంతకు గుడ్డంతా ఇంట్లోదే. మంగళగిరి మాకు దగ్గరే కాబట్టి మా బీరువాల్లో ఆ నూలు చీరలకు కొదవలేదు. మడతల దగ్గర చిరిగినా, అంచు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతూ ఉంటుంది. అత్తయ్యది చిలకపచ్చ చీర, నాది వంకాయరంగు. మా వదిన ఇచ్చిన ముదురు పసుపు చీర ఒకటి, పెడన కలంకారీ అచ్చులున్న పాత దుప్పటి ఒకటి. ఇవి కాక పెళ్లిళ్లలో, పేరంటాల్లో పెట్టిన జాకెట్టు ముక్కలు. వాటితో ఎవరూ జాకెట్లు కుట్టించుకోరు, ఒకరు పెడితే ఇంకొకరికి పెట్టడమే. ఆ చక్రం నా దగ్గర ఆగిపోయింది.

ముక్కలు 5 అంగుళాల చదరాలుగా కోశాను. అడ్డం 12, నిలువు 15, మొత్తం 180. చుట్టూ పావు అంగుళం కుట్టులో పోతుంది కాబట్టి ఒక్కో చదరం చివరికి నాలుగున్నర అంగుళాలు తేలుతుంది. బొంత 54 అంగుళాల వెడల్పు, 67న్నర పొడవు వచ్చింది, ఒక మనిషి హాయిగా కప్పుకునేంత. హాల్లో నేల మీద పరిచి రంగులు అటూ ఇటూ మార్చుకోవడంలో ఉన్న సుఖం ఇంక దేంట్లోనూ లేదు. ఫ్యాన్ ఆపాలి, లేకపోతే అన్నీ ఎగిరిపోతాయి. గుంటూరులో ఫ్యాన్ ఆపి కూర్చున్నామంటేనే ఎంత ఇష్టమో అర్థం చేసుకోవచ్చు. వంకాయరంగు పక్కన పసుపు పెడితే రెండూ గొంతెత్తి అరుస్తాయి. మధ్యలో కలంకారీ ముక్క, ఆ మట్టి ఎరుపు, ఒకటి దూర్చగానే సద్దుమణుగుతాయి. చిలకపచ్చ అయితే ఎక్కడ పెట్టినా కలిసిపోతుంది. ఓ చీర అంచుని చదరం మధ్యలోకి వచ్చేలా కోస్తే, పక్క చదరంలో అది ఆగిపోయి, రెండు వరుసల అవతల మళ్లీ కనబడుతుంది. కావాలని చేసిన డిజైన్ అనుకుంటారు చూసినవాళ్లు. నేనూ కాదనను.

ముక్కలు కలపడానికి వాకింగ్ ఫుట్ అక్కర్లేదు, మామూలు ఫుట్ చాలు. ఒక వరుస కుట్టుమడతలన్నీ కుడివైపుకి, తర్వాతి వరుసవి ఎడమవైపుకి ఇస్త్రీ చేసుకుంటే, వరుసలు కలిపేటప్పుడు మూలలు ఒకదానికొకటి తగులుకుని కూర్చుంటాయి. టైలర్ షాపుల నుంచి తెచ్చుకున్న ముక్కలైతే ఒక జాగ్రత్త. నూలులో పాలిస్టర్ కలిసిందేమో చూసుకోవాలి. ఒక దారప్పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది. ఆ పూస కట్టే ముక్క వేడి ఇస్త్రీ పెట్టె కింద ఏమవుతుందో వేరే చెప్పాలా? రంగు దిగుతుందేమోనని అనుమానముంటే తడి తెల్ల రుమాలుతో రుద్ది చూడండి. ఎర్ర జాకెట్టు ముక్కల్ని అసలు నమ్మొద్దు.

మూడు పొరలూ పరిచి, సేఫ్టీ పిన్నులు జానెడు దూరానికి ఒకటి చొప్పున పెట్టాక అప్పుడు వాకింగ్ ఫుట్ తగిలించాలి. సూది 14 నంబరు సరిపోతుంది, మధ్యలో మందం దుప్పటి వేస్తే 16 పెట్టండి. మామూలుగా కుట్టు పొడవు రెండున్నర మీద ఉంటుంది కదా, దీన్ని 3 నుంచి మూడున్నర మధ్యకు తిప్పుకుంటే కుట్టు మీద కుట్టు పడి బిరుసెక్కకుండా ఉంటుంది. మొదటి గీత బొంత మధ్యలో వేయాలి. అక్కణ్ణుంచి ఒక అంచు వైపు, తర్వాత తిప్పి రెండో అంచు వైపు. ఫుట్‌తో పాటు వంకర తిరిగిన ఒక ఇనప పుల్ల ఇస్తారు. దాన్ని వెనకాల కన్నంలో దూర్చి మూడు అంగుళాల దూరానికి బిగిస్తే, పాత గీత మీద ఆ పుల్ల నడుస్తుంది, కొత్త గీత దానంతటదే సమానంగా వస్తుంది. చాక్‌పీసుతో గీతలు గీసుకునే బాధ తప్పింది. నాకు ఈ ఫుట్‌లో బాగా నచ్చింది ఈ పుల్లే.

కష్టమంతా బరువు దగ్గరే. ఇంటి మిషన్లన్నిటికీ సూదికీ కుడిపక్క స్తంభానికీ మధ్య జాగా తక్కువ. సగం బొంతను చాపలా చుట్టి అందులోంచి దూర్చాలి. రెండో సగం బల్ల మీదే ఆనాలి. కిందికి వేలాడితే ఆ బరువు గుడ్డను లాగేస్తుంది, అప్పుడు ఏ ఫుట్ పెట్టినా లాభం లేదు. నేను భోజనాల బల్లకు మిషన్ ఆనించి కుడుతున్నా. ఆ రోజు అందరికీ భోజనాలు నేల మీదే.

చేతికుట్టు పద్ధతి దీనికి పూర్తిగా వేరు. మా అత్తయ్య నాలుగు మడతల చీర తీసుకుని అంచు దగ్గర మొదలుపెట్టి, వేలెడు దూరంలో గీతలు కుట్టుకుంటూ లోపలికి వెళ్తుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే కవంది బొంతలు కూడా అంతే, అంచు నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతాయి. చేతిలో సూది ఉంటే ముందుకు జరిగిన గుడ్డను కుట్టు కుట్టుకీ సవరించుకోవచ్చు. మిషన్ దగ్గర ఆ వీలు లేదు, అందుకే మధ్య నుంచి బయటికి రావాలి.

వాకింగ్ ఫుట్ గీతలు చూసి అత్తయ్య వెనకవైపంతా అరచేత్తో నిమిరి, ఒక్క ముడత కూడా దొరక్క, "బానే ఉందిలే, కానీ బిరుసుగా ఉంది. పసిపిల్లల కిందికి పనికిరాదు" అని తేల్చేసింది. నిజమే. మిషన్ దారం రెండు వైపుల నుంచీ బిగిసి ఉంటుంది, చేతికుట్టులో ఉన్న వదులు దీనికి రాదు. పొత్తిళ్లలో పిల్లల కోసమైతే నేనూ చేత్తోనే కుడతాను, లేదా ఆవిడ చేతే కుట్టిస్తాను. పెద్దవాళ్లు కప్పుకునేవి, దివాన్ మీద పరిచేవి, రైల్లో తీసుకెళ్లేవి మిషన్ మీద కుట్టొచ్చు. నాలుగు కాలాలు ఆగుతాయి, ఎన్నిసార్లు ఉతికినా కుట్టు ఊడదు.

కుట్టాక మొదటిసారి చన్నీళ్లలో విడిగా ఉతకండి. కొత్త నూలు ముక్కలు కొంచెం కుంచించుకుపోయి, గీతల మధ్య గుడ్డ సన్నగా ముడుచుకుంటుంది. బొంతకు ఆ కళ ఉతికాకే వస్తుంది, బిరుసు కూడా సగం తగ్గుతుంది. మళ్లీ ఇస్త్రీ చేసి దాన్ని పాడుచేయకండి. ఎండలో రంగులు వెలిసిపోకుండా ముక్కల వైపు కిందికి, చీర వైపు పైకి ఉండేలా ఆరేయండి. మా డాబా మీదయితే ఒక పూటలో ఆరిపోతుంది.