తోట భోజనమా, బండి మీది జొన్న రొట్టెనా?

హనుమకొండ శివార్లలో 'పొలం నుంచి నేరుగా పళ్లెంలోకి' అని బోర్డు పెట్టిన ఒక తోట రెస్టారెంట్‌కు అమ్మానాన్నలను తీసుకెళ్లాను. ముగ్గురికి 2,100 రూపాయల బిల్లు. ముప్పావు గంట ఆగాక వచ్చిన జొన్న రొట్టె చల్లారి అట్టలా ఉంది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు, పెనం మీద నుంచి తీసిన వెంటనే తినకపోతే గట్టిపడుతుంది. వంకాయ కూర నిండా నూనె. చపాట మిర్చి అని చెప్పి పెట్టిన తొక్కు నాలుక మండించింది. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటకు రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆ సంగతి వాళ్లకే తెలియకపోవడం బాధనిపించింది. తోట మాత్రం చాలా బాగుంది.

మరునాడు రాత్రి రొట్టెల బండి దగ్గర ఆగాం. కుర్చీలు లేవు, రోడ్డు దుమ్ము. ఆ అక్క వేడినీళ్లతో పిండి కలిపి, చేత్తో తట్టి, కాలిన రొట్టెను పెనం మీద నుంచే ప్లేట్లో వేసింది. పక్కన టమాటా పప్పు, పల్లి తొక్కు. "ఇంకోటి తిను తమ్మీ" అని కొసరి పెట్టింది. అమ్మ మూడు తిన్నది. నాన్న అర్ధాకలితో లేచిన ఆ తోటకు నేను మళ్లీ వెళ్లను.