వరెనిక్లిన్‌తో సిగరెట్ మానాను, మధ్యలో మనసు కుంగింది: ఏడాది తర్వాత నా అనుభవం

నేను రాజమండ్రిలో దస్తావేజులు రాస్తాను. 22 ఏళ్లపాటు రోజుకు 18, 20 సిగరెట్లు కాల్చాను. మానడానికి వరెనిక్లిన్ మాత్రలు అన్నీ కలిపి 24 వారాలు వాడాను. ఆఖరి మాత్ర వేసుకుని ఏడాది దాటింది, ఇప్పటిదాకా ఒక్కటి కూడా ముట్టలేదు. అయినా ఈ మందు గురించి ఎవరైనా అడిగితే "బాగా పనిచేస్తుంది" అని ఒక్క ముక్కలో చెప్పి పంపలేను. ఐదో వారంలో నేనున్న తీరు నాకింకా గుర్తుంది.

ముందు మాత్ర సంగతి. మొదటి 3 రోజులు అర మిల్లీగ్రాము రోజుకొకటి, తర్వాత 4 రోజులు అదే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రోజుకు రెండుసార్లు. ఆ రోజే సిగరెట్ మానాలి. నికోటిన్ మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో ఈ మందూ అక్కడే అతుక్కుని కొద్దిగా మాత్రమే పనిచేయిస్తుంది. అందుకని యావ తగ్గుతుంది, కాల్చినా పాత తృప్తి రాదు. పదో రోజు ఉండబట్టలేక టీ బడ్డీ దగ్గర ఒకటి వెలిగించాను. తడి గడ్డి కాలుస్తున్నట్టు అనిపించి సగంలోనే నలిపేశాను. అదే ఆఖరిది.

వికారం మాత్రం గట్టిగానే ఉంటుంది. ఉత్త కాఫీ మీద మాత్ర వేసుకున్న రోజు ఆఫీసు వెనక గోడ పట్టుకుని నిలబడిపోయాను. కడుపు నిండా ఇడ్లీ తిని, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టాక తగ్గింది. కలలు కూడా కళ్లకు కట్టినట్టు వస్తాయి. పోయిన మా నాన్న వాకిట్లో నులక మంచం అల్లుతూ "ఆ కొస పట్టుకోరా" అంటున్నట్టు వరసగా రెండు రాత్రులు వచ్చింది. రాత్రి మాత్రను 10 గంటల నుంచి 7కి మార్చాక నిద్ర కొంచెం నయమైంది.

ఇక ఐదో వారం. అది ఏడుపు కాదు, బాధ అని కూడా అనలేను. కంచంలో వేడన్నం, గోంగూర పచ్చడి ఉంటే కలుపుకోవడానికి చెయ్యి రావడం లేదు. ఒక పొద్దున చొక్కా వేసుకుంటూ రెండో గుండీ దగ్గర ఆగిపోయి మంచం అంచున కూర్చున్నాను. పక్కన పెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది, నేను చూస్తూనే ఉన్నాను, తాగాలనిపించలేదు. అదే వారం ఒక అమ్మకం దస్తావేజులో తూర్పు హద్దు పడమరకు, పడమర హద్దు తూర్పుకు రాసేశాను. పార్టీవాళ్లు చదివించుకున్నారు కాబట్టి సరిపోయింది. అన్నేళ్ల పనిలో నాకు అలాంటి తప్పు ఎప్పుడూ జరగలేదు.

ముందు కనిపెట్టింది నేను కాదు, మా ఆవిడ. "ఏమండీ, మూడు రోజుల నుంచి పేపర్ మడత కూడా విప్పలేదు మీరు" అంది. ఆ రాత్రే, నేను లేకపోతే బాగుండు అన్న ఆలోచన వచ్చింది. వచ్చి పోయింది, కానీ వచ్చింది. లేచి ఆమెను నిద్రలేపి చెప్పేశాను. మర్నాడు పొద్దున్నే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. 11 ఏళ్ల కిందట నాన్న పోయినప్పుడు ఆరు నెలలు డిప్రెషన్‌కి మందులు వాడాను. ఈ మాత్ర రాసిచ్చిన మొదటి డాక్టరు దాని గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండో నెల మాత్రలైతే మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేశారు. అలా ఇవ్వకూడదు, నేనూ తీసుకోకూడదు.

ఆ కుంగుబాటు తెచ్చింది మాత్రేనా? అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2009లో ఈ మందుకీ, సిగరెట్ మానడానికే వాడే మరో మందు బుప్రోపియాన్‌కీ మానసిక సమస్యల గురించి అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. తర్వాత 8 వేల మందికి పైగా పాల్గొన్న ఈగల్స్ అనే అధ్యయనం 2016లో వచ్చింది. దాంతో ఆ డిసెంబరులో ఆ గట్టి హెచ్చరిక తీసేశారు. పాత మానసిక సమస్య ఉన్నవాళ్లలో వరెనిక్లిన్ వాడినవారికి మానసిక ఇబ్బందులు 6.5 శాతం, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవారికి 4.9 శాతం. పెద్ద తేడా కాదన్నారు. అలాంటి సమస్య లేనివాళ్లలో రెండు గుంపులకూ అంతకంటే బాగా తక్కువ. నేను మొదటి లెక్కలోకి వస్తాను. పైగా నికోటిన్ మానితేనే చిరాకు, దిగులు, పని మీద ధ్యాస కుదరకపోవడం కొన్ని వారాలుంటాయి. మాత్ర వల్లనా, మానడం వల్లనా, నా పాత జబ్బు వల్లనా అన్నది నేను విడదీసి చెప్పలేను. డాక్టరూ చెప్పలేదు.

ఆ మానసిక వైద్యుడు మొదట సూటిగా చచ్చిపోవాలనిపించిందా అని అడిగారు. అలా అడిగినందుకు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. మందు వెంటనే ఆపించి నికోటిన్ గమ్ ఇచ్చారు. రోజుకు ఐదు కాఫీలు తాగుతానంటే రెండు చేయమన్నారు. సిగరెట్ పొగ కెఫీన్‌ను ఒంట్లోంచి త్వరగా పంపించేస్తుందట. పొగ మానితే అదే కాఫీ ఎక్కువ సేపు ఒంట్లో నిలిచి నిద్ర పాడుచేస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పది రోజుల్లో తేలికపడ్డాను. రెండు వారాల తర్వాత నన్ను అడిగి, అర మిల్లీగ్రాము రోజుకు రెండుసార్లు చొప్పున మళ్లీ మొదలుపెట్టించారు, వారం వారం రమ్మన్నారు. అందరికీ ఇలాగే చేస్తారని కాదు, నాకు ఇలా చేశారు.

మళ్లీ మొదలుపెట్టిన రోజు నుంచి మా ఆవిడ వంటింటి క్యాలెండర్‌లో తేదీ పక్కన మూడు గుర్తులు పెట్టేది: తిన్నారా, మాట్లాడారా, నిద్రపోయారా. రెండు గుర్తులు తప్పిన రోజు డాక్టరుకి ఫోన్ చేయాలని మాట. అలా రెండుసార్లు చేసింది. నా మూడ్ గురించి నేను చెప్పుకున్నదానికంటే ఆ గుర్తులే నమ్మకంగా ఉండేవి.

మొత్తం మీద ఈ మందు వాడమనే చెబుతాను. నా నెల సిగరెట్ల ఖర్చు కంటే మాత్రల ఖర్చు తక్కువే అయింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. కానీ గతంలో దిగులు జబ్బు ఉంటే డాక్టరు అడగకపోయినా చెప్పండి, ఇంట్లో ఒకరికి తెలియకుండా మొదలుపెట్టకండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా అప్పుడే డాక్టరుకి చెప్పండి. అర్ధరాత్రయితే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ టెలీ మానస్ 14416 ఉంది. సిగరెట్ మానడానికి సలహా కావాలంటే ప్యాకెట్ మీద ఉండే 1800-11-2356కి చేయొచ్చు, నేను రెండుసార్లు మాట్లాడాను.

ఆ క్యాలెండర్ కాగితాలు నా దస్తావేజుల పెట్టెలోనే ఉన్నాయి. ఆఫీసు దగ్గర ఎవరైనా ఈ మాత్ర మొదలుపెడుతున్నానంటే ముందు అవే తీసి చూపిస్తున్నాను.